సుగుణమ్మ రెండుసార్లు చచ్చిపోయిన ఊరు

కిందటి నెలలో ఒకరోజు నందిగామ దగ్గరున్న ఒక నర్సింగ్ కాలేజీ నుంచి ఫోనొచ్చింది. అక్కడి ప్రిన్సిపాల్ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే. ఇప్పుడు ఆవిడకీ జుట్టు నెరిసింది గానీ నాతో మాట్లాడేటప్పుడు మాత్రం క్లాసులో లేచి నిలబడ్డట్టే మాట్లాడుతుంది. "మేడమ్, ఇప్పుడు మా పిల్లలకి ఆర్ట్స్, హ్యుమానిటీస్ కూడా చెప్పాలంటున్నారండి. నాటకాలు, కథలు, బొమ్మలు, వీటితో పేషెంటుని అర్థం చేసుకోవడం నేర్పాలంట. కొత్త పద్ధతి కదండి, ఎక్కడ మొదలెట్టాలో మాకెవరికీ తెలీట్లా. మీరొచ్చి ఒక గంట మాట్లాడతారా?" అంది. కొత్త పద్ధతంట! ఫోను చెవి దగ్గర పెట్టుకునే పగలబడి నవ్వా. పాపం తనేం తప్పు మాట్లాడిందో అని ఆ పిల్ల కంగారు పడింది. "వస్తాలేవే. కానీ శాలువా కప్పావంటే మాత్రం అప్పటికప్పుడు లేచొచ్చేస్తా. మన ఎండలకి అవి బీరువాలో మడతపెట్టుకోడానికి తప్ప ఎందుకూ పనికిరావు" అన్నా.

విజయవాడలో బస్సెక్కి, కిటికీ పక్క సీటు కోసం ఒక పెద్దాయనతో పోట్లాడి మరీ కూచున్నా. పరిటాల రాగానే బస్సులో సగం మంది హనుమంతుడికి దణ్ణాలు పెట్టారు. మేం చర్చికి పోయేవాళ్లం గానీ, అంత ఎత్తు మనిషి దారి పక్కన నిలబడి ఉంటే తలెత్తి చూడకుండా నేను మాత్రం ఎట్టా ఉంటా! కంచికచర్లలో బస్సాగితే జామకాయలు కొనుక్కుని, ఉప్పూకారం ఒళ్లో ఒలకబోసుకుని, కాలేజీలో దిగేసరికి చీరంతా మచ్చలు. హాల్లో ఏసీ వేసి, తెర మీద మనుషుల మొహాలు ఒక్కోటీ చూపించి "ఈయన ఏం ఫీలవుతున్నాడు?" అని పిల్లల్ని అడుగుతున్నారు. తర్వాత ఒకమ్మాయి పేషెంటుగా బల్ల మీద పడుకుంది, ఇంకో అమ్మాయి నర్సుగా వచ్చి "నమస్తే సర్, డోంట్ వర్రీ సర్" అని గడగడా అప్పజెప్పింది. పేషెంటుకి నవ్వాగక కిచకిచమంది. చివర్లో వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, దీనికి మార్కులుంటాయా?" అనడిగింది. అందరూ ఆ పిల్ల మీద విరుచుకుపడ్డారు గానీ నాకు మాత్రం ముద్దొచ్చింది. దాని వయసులో నేనూ అచ్చం ఆ మాటే అడిగా. నాకొచ్చిన జవాబు చెప్పడం మొదలెడితే గంట ఏ మూలకీ చాల్లా. అక్కడ మిగిలిపోయింది ఇక్కడ రాస్తున్నా.

నేను నర్సు పని నేర్చుకుంది జగ్గయ్యపేటలో, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు, ఆ స్థలంలో బట్టల షాపు ఉంది. మా నాన్న నందిగామ పక్క పల్లెలో బడిపంతులు. "నీ నోటికి లాయరువి కావాల్సింది, మన తాహతుకి నర్సువైనా అవ్వు" అని ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని తనే తీసుకొచ్చి దిగబెట్టాడు. ఆసుపత్రి వెనకాల పాత మేడింట్లో పైభాగం మా హాస్టలు. తెల్లారగానే కింద కిరసనాయిలు స్టవ్వు మీద సూదులూ సిరంజిలూ ఉడుకుతుండేవి, పక్క స్టవ్వు మీద ఉప్మా ఉడుకుతుండేది. స్పిరిట్ వాసన, పోపు వాసన కలిసి ఒక వింత వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా సూది వేయించుకుంటే నాకు ఉప్మా గుర్తొస్తుంది, ఏం చెయ్యను. మిరపకాయల సీజనొస్తే ఇంక చెప్పేదే లేదు. బళ్ల మీద టిక్కీలు, అదే మిరప బస్తాలు, దిగుతుంటే ఊరంతా తుమ్ములే. వార్డెనమ్మ ప్రార్థన మొదలెట్టి "ప్రభువా" అని ఒక తుమ్ము, "మమ్మల్ని" అని ఇంకో తుమ్ము, "కాపాడు" అనేలోపు మేమందరం కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్లం.

ఆసుపత్రి పెద్ద డాక్టరు శేషగిరిగారు. ఎర్రగా, పొట్టిగా, ఎప్పుడూ బుగ్గన యాలక్కాయతో ఉండేవారు. గొంతు కోసమంట. ఆయనకి నాటకాల పిచ్చి. వయసులో ఉండగా పద్యనాటకాల్లో ఆడవేషాలు వేసేవారనీ, గడ్డం ముదిరాక డాక్టరు చదువు మీద శ్రద్ధ పెరిగిందనీ ఆయనే చెప్పేవారు. పొద్దున గడ్డం గీసుకుంటూ రాగం ఎత్తుకుంటే వార్డులో పేషెంట్లు పక్కలు సర్దుకునేవాళ్లు, రౌండ్స్‌కి వస్తున్నారని. రౌండ్స్‌లో "ఏడో నంబరు మంచం, కడుపునొప్పి" అన్నామా, అయిపోయామే! "మంచానికి కడుపు ఉండదమ్మా. మనిషి సంగతి చెప్పు" అనేవారు. ఆ మనిషి ఏ ఊరు, ఏం పని చేస్తాడు, చూడ్డానికి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, రాత్రి దేని గురించి నిద్దర పట్టలేదు, ఇవన్నీ కథ చెప్పినట్టు చెప్పాలి. విసుగెత్తేట్టు చెప్తే మళ్లీ మొదట్నించీ చెప్పించేవారు. ఓపీ లేని మధ్యాహ్నాల్లో మమ్మల్నే పేషెంట్లని చేసి స్ట్రెచర్ ఎక్కించేవారు. నన్నొకసారి అట్టాగే పడుకోబెట్టి వరండా అంతా తిప్పారు. నా మొహం మీదుగా అటొకరూ ఇటొకరూ నిలబడి "దీనికి బీపీ చూశారా, దీనికి ఏం పెట్టారు" అంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. "దీనికేంటి, దీనికి పేరు లేదా?" అని లేచి కూచున్నా. డాక్టరుగారు చప్పట్లు కొట్టి, "ఇవాళ్టి పాఠం అయిపోయింది, పోయి టీలు తాగండి" అన్నారు. అప్పుడే అడిగా నేను, "సార్, దీనికి మార్కులుంటాయా?" అని. "మార్కులు పేషెంటు వేస్తాడు, నీకు చెప్పడు" అన్నారాయన.

పల్లెల్లో క్షయ గురించి చెప్పడానికి ఆయన మాతో బుర్రకథ కట్టించారు. మా బ్యాచిలో ఝాన్సీకి దేవుడు గొంతు ఒక్కటే ఇచ్చాడు, అది మాత్రం మా అందరి వాటా కలిపి ఇచ్చాడు. తంబుర భుజానేసుకుని కథ చెప్పేది అదే. పక్కన గుమ్మెటలు వాయిస్తూ వంత పాడే ఇద్దరిలో ఒకరు నాగమణి, ఇంకొకరు నేను. నాది జోకరు వంత. అప్పటికే వార్డెనమ్మ నా నోటిదురుసు గురించి చాడీలు చెప్పి ఉంది. ఇది నాకు శిక్షేమో అనుకుని మూతి ముడుచుకున్నా. డాక్టరుగారు పిలిచి, "కృపమ్మా, జోకరంటే నవ్వించేదనుకుంటున్నావా? జనానికి లోపల ఒక ప్రశ్న ఉంటుంది, సిగ్గుపడి అడగరు. వాళ్ల బదులు సిగ్గు లేకుండా అడిగేదే జోకరు. నీకు సరిగ్గా సరిపోద్ది" అన్నారు. తిట్టారో మెచ్చుకున్నారో అర్థంకాక రెండురోజులు ఆలోచించా. ఇన్నేళ్లు నర్సుగా, టీచరుగా ఉద్యోగం చేసి ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, నేను నేర్చుకున్న వైద్యంలో సగం ఆ రెండు ముక్కల్లోనే ఉంది.

కథ డాక్టరుగారే రాశారు. సుగుణమ్మ అనే కోడలికి క్షయ వస్తుంది. మాత్రలు మింగుతుంది, నెమ్మదిస్తుంది. నెమ్మదించింది కదా అని మానేస్తుంది. జబ్బు తిరగబెట్టి చచ్చిపోతుంది. మధ్యలో మానొద్దు అని చెప్పడమే ఆయన ఉద్దేశం. కానీ మనిషిలో కళాకారుడు ఊరుకోడు కదా! మానేసిన సంగతి ఒక్క చరణంలో తేల్చేసి, చావు పాట మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంటూ పేజీలకి పేజీలు రాశారు. రిహార్సల్స్‌లో నేను అడిగా, "సార్, చచ్చిపోయాక నేను లేచి 'ఎందుకు పోయింది అక్కా?' అని అడగనా?" అని. "ఏడుపు సీన్లో జోకరు నోరెత్తకూడదమ్మా, రసం చెడిపోద్ది" అని కొట్టిపారేశారు. ఆసుపత్రిలో ఆయన మాటకి ఎదురుచెప్పే మగాళ్లే లేరు, నేనెంత?

మొదటిసారి చెప్పింది ముక్త్యాల రోడ్డులో ఒక పల్లెలో, పొద్దుగూకే వేళ. ఆ ఊరి పేరు రాయను, కారణం మీకే తెలుస్తుంది. మిరప కళ్లాల్లోంచి వచ్చిన ఆడవాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీ నుంచి బూడిదరంగు తలకాయలతో వచ్చిన మగవాళ్లు, ఊరు ఊరంతా కూచున్నారు. ఝాన్సీ చావు పాట అందుకుంది. నా పక్కన నాగమణి ఏడుస్తోంది, ఎదురుగా ఆడవాళ్లు ఏడుస్తున్నారు, జీపు దగ్గర నిలబడి డాక్టరుగారు ఏడుస్తున్నారు. పాట ఆఖరికొచ్చి సుగుణమ్మ ప్రాణం పోయింది. అప్పుడు ఆడవాళ్లలోంచి ఒక ముసలి గొంతు, "వన్స్‌మోర్!" అని కేకేసింది. మా వైపు నాటకాలు చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పద్యం నచ్చితే యుద్ధంలో పడిపోయినవాడైనా సరే, లేచి మళ్లీ పాడి మళ్లీ పడిపోవాల్సిందే. ఊరంతా వన్స్‌మోర్ అందుకున్నారు. ఝాన్సీ డాక్టరుగారి వైపు చూసింది. ఆయన కళ్లు తుడుచుకుంటూ, కానివ్వమని చెయ్యూపారు. సుగుణమ్మ మళ్లీ చచ్చిపోయింది, ముందుకన్నా బాగా. తిరిగొచ్చేటప్పుడు జీపులో మా ఆనందం చూడాలి! జబ్బు గురించి ఇంత గొప్పగా ఇంకెవరూ చెప్పలేదని మాకు మేమే చెప్పుకున్నాం.

ఆ ఊళ్లో కోటమ్మ అని మా దగ్గర మందులు వాడే ఆమె ఒకామె ఉంది. ఇక్కడ రాసింది ఆమె అసలు పేరు కాదు. ఆమెకీ క్షయే. మొగుడు ఫ్యాక్టరీలో లారీలకి బస్తాలెత్తేవాడు, అతనే సైకిలు మీద ఎక్కించుకుని మొదట తీసుకొచ్చాడు. ఒక్కతే ఆడపిల్ల వాళ్లకి. అత్తకి మాత్రం జబ్బు సంగతి తెలియకూడదని మొగుడూ పెళ్లాలు ఒట్టేసుకున్నారు. అత్త చెల్లెలికి ఇదే జబ్బొస్తే ఊరి చివర పాకేసి అందులో ఉంచారంట. అక్కడే పోయిందంట. అందుకని కోటమ్మ వారానికోసారి బజారు పనని చెప్పి వచ్చి నా దగ్గర మాత్రలు తీసుకుని, పసుపు సంచిలో ఉల్లిపాయల కింద దాచుకుని వెళ్లేది. మనిషి మహా సరదా మనిషి. "నర్సమ్మా, ఈ మాత్రలు ఇంత లావున్నాయేందీ, పశువుల ఆసుపత్రివి కాదుగదా?" అనేది. నాకు ఆమె వచ్చే రోజంటే ఇష్టం. బుర్రకథ అయిన వారం ఆమె రాలేదు. పై వారమూ రాలేదు. మధ్యలో మందు ఆగితే ఏమవుద్దో నాకు తెలుసు, పాట పాడీ పాడీ మరీ బాగా తెలుసు. డాక్టరుగారికి చెప్తే, యూనిఫాం లేకుండా మామూలు చీరలు కట్టుకుని ఝాన్సీని తోడు తీసుకుని వెళ్లి చూసి రమ్మన్నారు.

కోటమ్మ కళ్లంలో రంగు పోయిన తాలు కాయలు ఏరుతోంది. మిరప కళ్లంలో అందరూ దగ్గుతారు కాబట్టి ఆమె దగ్గు ఎవరికీ పట్టలా. మమ్మల్ని చూసి కాయలు కొనడానికి వచ్చినవాళ్లని పలకరించినట్టు పలకరించి పక్కకి తీసుకెళ్లింది. "ఏంటక్కా, రావట్లేదే?" అన్నా. "ఎందుకొచ్చేది? సుగుణమ్మ వచ్చిందిగా మీ ఆసుపత్రికి. ఏమైంది?" అంది. "అయ్యో, అది కథక్కా" అని ఝాన్సీ అనబోతే దాని మీద ఇంతెత్తున లేచింది. "కథయితే మీరెందుకు ఏడ్చారే? డాక్టరుగారే ఏడ్చాడు గదా, నా కళ్లారా చూసా. ఆయనకి తెలీందా? మొదటిసారి పోయినప్పుడు పోనీలే అనుకున్నా. మళ్లీ లేపి మళ్లీ చంపారు. వన్స్‌మోర్ అన్నదెవరో తెలుసా? నా పక్కన కూచున్న మా అత్త! నా చావు ఇంకోసారి చూపించమన్నట్టుంది నాకు." అని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ దగ్గింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలా.

డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పా. మర్నాడు పొద్దున గడ్డం గీసుకుంటూ ఆయన పాడలేదు. పక్కలు సర్దుకోకముందే రౌండ్స్‌కి వచ్చేసరికి వార్డంతా గందరగోళం అయింది. పాపం ఆయనకి తోచిన మార్గం ఒకటే, కథ మార్చి రాయడం. ఈసారి సుగుణమ్మ బతికి, లావయ్యి, పూలదండతో నిలబడుతుంది. అదే ఊరికి మళ్లీ వెళ్లాం. ఝాన్సీ ఇంకా సుగుణమ్మని ఆసుపత్రికి కూడా తీసుకురాలేదు, ముందు వరసలో ఒక పెద్దాయన లేచాడు. "ఆగండమ్మా. ఈమె మొన్న చచ్చిపోయిందిగా?" అన్నాడు. "ఇవాళ బతుకుద్ది పెద్దయ్యా" అంది ఝాన్సీ బెదిరిపోయి. "అట్టా ఎట్టా కుదురుద్ది? మొన్న మేం ఏడ్చిన ఏడుపు ఏమైపోవాల? డాక్టరుగారూ, మీరు పెద్దోళ్లు, ఏదో ఒక మాట మీద ఉండాలండి!" అన్నాడు. అవునంటే అవునన్నారందరూ. పిల్లలు ఈలలు వేశారు. వెనకాల నిలబడి చూస్తున్న కోటమ్మ మెల్లిగా వెళ్లిపోవడం నాకు కనిపించింది. డాక్టరుగారు జీపు మెట్టు మీద కూలబడి, "నాకు వైద్యం వచ్చు, నాటకం వచ్చు. రెండూ కలపడం రాలా" అన్నారు. అంత పెద్దమనిషి అట్టా అంటే నాకు గుండె తరుక్కుపోయింది.

నేను గుమ్మెట నాగమణి చేతిలో పెట్టి కోటమ్మ వెనకాలే వెళ్లా. ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. చెప్పడానికి నా దగ్గరేం మిగల్లేదు కూడా. ఆమె వాళ్ల వాకిట్లో పొయ్యి రాజేస్తోంది, అత్త ఇంకా కథ దగ్గరే ఉంది. పక్కన పీట లాక్కుని కూచుని, "అక్కా, సుగుణమ్మ సంగతి వదిలెయ్. నువ్వెందుకు మానేశావు?" అని అడిగా. చాలాసేపు పుల్లలు ఎగదోసింది. తర్వాత చెప్పుకొచ్చింది. మాత్ర వేసుకుంటే ఒంటికి వెళ్లినప్పుడు నీళ్లు ఎర్రగా వస్తున్నాయంట, రక్తమేమో అని భయమంట. అన్నం వాసనొస్తే కక్కొస్తోందంట. చెంబు, కంచం తనకి తనే వేరుగా పెట్టుకుని, అదేంటని అత్త అడిగితే ఏదో ఒకటి చెప్తోందంట. పిల్ల దగ్గరికొస్తే తోసేస్తోందంట. "ఇవన్నీ ముందే ఉన్నాయి నర్సమ్మా. మానెయ్యాలని రోజూ అనిపించేది. సుగుణమ్మ పుణ్యమా అని ఒక వంక దొరికింది" అంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆమె కక్కుకోవడం చూసి అత్త వేవిళ్లనుకుంటోందంట. పుల్లమామిడి ముక్కలు ఎక్కణ్ణించో తెచ్చి అటక మీద దాచి ఒక్కోటీ ఇస్తోందంట. "ఆ ముసలిదాని మొహం చూస్తే నిజం చెప్పబుద్ధి కాదు" అని కళ్లొత్తుకుంది. నీళ్లు ఎర్రగా రావడం మందు రంగేననీ, రక్తం కాదనీ చెప్పా. "ముందే చెప్పొచ్చుగా!" అంది. మేం ముందు చెప్పాల్సిన ఆ ఒక్క ముక్కా ఎవరం చెప్పలా. "ఈ మాటలు కథలో పెట్టుకోమంటావా? నీ పేరు రాదు" అంటే, "పెట్టుకోండి, నాదని తెలిసిందో, మీ ఆసుపత్రి గడప తొక్కను" అంది.

డాక్టరుగారు ఈసారి కలం ముట్టుకోలేదు. "మీరే కట్టండి. జోకరుకి ఎంత కావాలంటే అంత నోరివ్వండి" అన్నారు. హాస్టల్లో మంచాల మీద కూచుని ముగ్గురం కట్టాం. ఝాన్సీకి చావు పాట వదులుకోవడం ఎంత కష్టమైందో, పాట పోతే తను పోయినట్టే బాధపడింది. ఇప్పుడు కాలేజీల్లో ఇట్టాంటి వాటికి మంచి మంచి పేర్లున్నాయి, కమ్యూనికేషన్ అనీ, ఎంపతీ అనీ. తెర మీద ఆ మొహాలు చూపించడాన్ని నేను తప్పుపట్టను. మాకన్నా ఈ పిల్లలకి మందుల గురించి వెయ్యి రెట్లు తెలుసు. కానీ తెర మీది మొహం ఎదురు మాట్లాడదు. మొన్న చచ్చిపోయిందిగా అని నిలదీయదు. మా పాఠం చెడిపోతే ఊరికి ఊరు లేచి అడిగేది. కళ మనసుని మెత్తబరుస్తుందని అందరూ అంటారు, నిజమే గానీ, మెత్తబడిన మనసుతో మనం ఎంత ఘోరమైన తప్పు చెయ్యగలమో కూడా నేను నేర్చుకుంది ఆ బుర్రకథ దగ్గరే. పేషెంటు కోసం ఏడవడం తేలికే. ఏడుపాపుకుని "ఎందుకు మానేశావక్కా?" అని అడగడానికే శిక్షణ కావాలి. ఆ పిల్లలకి ఇదే చెప్పా. మార్కులడిగిన అమ్మాయి, "ఆవిడ బతికిందా మేడమ్?" అంది. బతికింది. మందులన్నీ పూర్తి చేసి, కఫం పరీక్ష బాగుందని తెలిసిన రోజు మా వార్డంతా బెల్లం పంచింది. ఒకసారి జనాన్ని ఊరికే ఏడిపించిన పాపం ఉంది కాబట్టి ఇది ముందే చెప్పేస్తున్నా.

మూడోసారి వెళ్లేసరికి ఊరు పోట్లాటకి తయారై కూచుంది. మొన్నటి పెద్దాయన ముందు వరసలోనే ఉన్నాడు. ఝాన్సీ గొంతెత్తగానే, ఆయన లేచేలోపే నేను అడ్డం పడ్డా. "ఆగక్కా! ఈ సుగుణమ్మ ఒకసారి చచ్చింది, ఒకసారి బతికింది. మమ్మల్నేమన్నా ఎర్రోళ్లనుకుంటున్నావా?" అన్నా. ఊరంతా గొల్లుమంది. పెద్దాయన "అద్గదీ!" అని తొడ చరిచాడు. "చచ్చిన మాట నిజమే చెల్లే" అంది ఝాన్సీ. "మందులు తిని చావలేదు, మధ్యలో మానేసి చచ్చింది. ఆ సంగతి మేమే గట్టిగా చెప్పలా, తప్పు మాదే. ఇప్పుడు చెప్పేది ఇంకో సుగుణమ్మ కథ. ఈమెకీ మానెయ్యాలనే ఉంది." ఇంక నన్ను ఆపేవాళ్లెవరు! "అక్కా, నీళ్లు ఎర్రగా వస్తున్నాయంట, చెప్పుకోడానికి సిగ్గంట, అదేంటో చెప్పు" అన్నా. "కక్కొస్తుంటే ఏం చెయ్యాల? కంచం వేరు పెట్టుకోవాలా? పిల్లని ఎత్తుకోకూడదా?" అని అడుగుతూనే పోయా. ఝాన్సీ ఒక్కోదానికీ జవాబు పాడింది. కాసేపటికి నా అవసరమే లేకుండా పోయింది. జనమే అడగడం మొదలెట్టారు. ఇన్నాళ్లూ ఎవరింట్లో ఎవరు దాచుకున్నారో గానీ, ఎన్ని ప్రశ్నలో! ఆఖర్న సుగుణమ్మ దండేసుకుని నిలబడలేదు, చావలేదు. పొయ్యి దగ్గర కూచుని ఏడ్చి ఏడ్చి, లేచి, రేపటి మాత్ర కోసం బయల్దేరుతుంది. అక్కడితో ఆపేశాం. ఈసారి ఎవరూ వన్స్‌మోర్ అనలేదు. మా ఝాన్సీకి అదొక్కటే వెలితి.

గుమ్మెటలు సంచిలో పెట్టుకుంటుంటే కోటమ్మ వచ్చింది. పక్కన అత్త, అత్త చంకలో పిల్ల. ఎరగనట్టు తల తిప్పుకోబోయా. కోటమ్మ నేరుగా నా ముందుకొచ్చి నిలబడి, "అంతా బాగానే ఉంది గానీ నర్సమ్మా, పొయ్యి దగ్గర నేను అంత ఏడవలా. కాస్త తగ్గించండి" అంది.

నా చేతిలో గుమ్మెట అట్టాగే ఉండిపోయింది. అత్త మొహం కోడలి వైపు తిరిగింది. "నువ్వెందుకేడుస్తావే?" అంది.

"ఆ సుగుణమ్మని నేనే అత్తా."

ముసలామె కోడల్ని పైనించి కింది దాకా చూసింది. చంకలో పిల్లని ఇటు నుంచి అటు మార్చుకుంది. "అయితే కడుపు కాదా?" అని మెల్లిగా అడిగింది.

"కాదత్తా."

ఆ మాటతో ఆమె మొహంలో ఏదో ఆరిపోయింది. నేను చూడలేక జీపు వైపు నడిచి, మందుల పెట్టె తెరిచి, వారం మాత్రల పొట్లం తెచ్చా. కోటమ్మ చెయ్యి చాపింది. ఆ చేతికి అందేలోపే అత్త పొట్లం లాక్కుంది. విసిరేస్తుందనుకున్నా. ఝాన్సీ నా మోచెయ్యి పట్టుకుంది. ముసలామె దాన్ని తన కొంగున వేసి, గట్టిగా ముడేసి, ఊడదని రెండుసార్లు లాగి చూసుకుని, బొడ్లో దోపుకుంది.

"పొద్దున్నే నేనిస్తా" అని, నా వైపు తిరిగి, "పరగడుపునా, తిన్నాకా?" అనడిగింది.